సూదిమందు నడిపించిన గుర్రం



వరికోతలు అయిపోయి గడ్డి వాములకెక్కాక మన రాయచూరు జిల్లా సింధనూరు తెలుగు క్యాంపుల పొలాల్లోకి కురుబ కాపరులు గొర్రెల మందలతో దిగుతారు. ఎరువు కోసం రైతు తన మడిలో రాత్రుళ్లు మంద కట్టించుకుంటాడు. కాపరికి వడ్లో డబ్బో ముడుతుంది. మంద వెంట పొట్టి గుర్రాలు కూడా ఉంటాయి. గుడారం గుడ్డ, వంటసామాను, వలలు, ఆ పూట పుట్టిన గొర్రెపిల్లలు, అన్నీ వాటి వీపు మీదే. పశువైద్యం అనగానే మనం గేదె, ఆవు, గొర్రె, కోడి దగ్గరే ఆగిపోతాం. ఇవాళ ఆ గుర్రాల గురించీ, పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ముందు నడిచే గుర్రాల గురించీ మాట్లాడతాను. వాటి కాళ్లకు వచ్చే ఒక జబ్బు, ఆ జబ్బుకు మనం అలవాటుగా పొడిచే సూది, ఆ రెండింటి మధ్య ఎవరికీ కనపడకుండా ఉండే ఇన్సులిన్, ఇదీ సంగతి.

జబ్బు పేరు ల్యామినైటిస్. డెక్క లోపల వస్తుంది. పైకి పుండు ఉండదు, చీము ఉండదు. వాపు కూడా కనపడదు, ఎందుకంటే వాచడానికి డెక్కలో చోటే లేదు. అందుకే పోల్చుకోవాల్సింది గుర్రం నిలబడే తీరును బట్టి. ముందుకాళ్లు రెండూ ముందుకు చాచి, వెనకకాళ్లు పొట్ట కిందికి లాక్కుని, బరువంతా వెనక్కి మోపి నిలబడుతుంది. తిన్నగా నాలుగడుగులు వేస్తుందేమో గాని, పక్కకు తిప్పబోతే తిరగదు. మట్టి మీద ఎలాగో నడిచి, తారు రోడ్డెక్కగానే మొరాయిస్తుంది. డెక్క మీద చెయ్యి వేస్తే వేడి. చీలమండ వెనక వేలు పెట్టి చూస్తే నాడి గట్టిగా కొట్టుకుంటూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అక్కడ నాడి దొరకడమే కష్టం.

గుర్రం పాదంలోని చివరి ఎముక డెక్క అడుగున ఆనుకుని కూర్చోదు, డెక్క గోడకు లోపలి వైపున వేలాడుతూ ఉంటుంది. ఎముకను అంటిపెట్టుకున్న పొరలూ, గోడ లోపలి పొరలూ, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించినట్టు పట్టుకుని ఉంటాయి. ఒక్కో డెక్కలో ఇలాంటి పెద్ద పొరలు 550 నుంచి 600 దాకా ఉంటాయి. ఒక్కో పెద్ద పొర మీద మళ్లీ 150 నుంచి 200 సన్న పొరలు. గుర్రం బరువంతా, దాని మీద ఎక్కిన మనిషి బరువుతో సహా, ఈ పట్టు మీదే ఆధారపడి ఉంది. పట్టు సడలితే ఎముక కిందికి జారుతుంది, లేదా దాని మొన తిరిగి అరికాలి వైపు పొడుచుకొస్తుంది. అమెరికా పందేల్లో చరిత్ర సృష్టించిన సెక్రటేరియట్ అనే గుర్రానికి ఈ జబ్బు వస్తే, దాని బాధ చూడలేక 1989లో మందిచ్చి ప్రాణం తీశారు. 2006లో పందెంలో కాలు విరిగిన బార్బారో అనే గుర్రానికి పెద్ద ఆపరేషన్ చేసి ఎముక అతికించారు. 2007 జనవరిలో దాన్ని కూడా ఈ జబ్బే బలి తీసుకుంది. డబ్బుకు లోటులేని యజమానుల గుర్రాల సంగతే అది.

గింజ ఎక్కువైతే గుర్రం కాళ్లు పట్టేస్తాయని మనుషులకు ఎప్పటి నుంచో తెలుసు. గ్రీకుల కాలంలో దీన్ని బార్లీ జబ్బు అనేవారు. మనకూ అశ్వశాస్త్రాలకు కొదవ లేదు. శాలిహోత్రుడి పేరు మీద సంస్కృతంలో ఉంది, మనుమంచి భట్టు తెలుగులోనే హయలక్షణ విలాసం రాశాడు. ఇక మనం కాపురముంటున్న నేల సంగతి చెప్పనక్కర్లేదు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ అంతర్వేది కోసం విజయనగరం రాజులు, బహమనీలు, ఆ తర్వాత ఆదిల్‌షాహీలు తరతరాలు కొట్టుకున్నారు. కొట్టుకున్నది గుర్రాలెక్కి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను గెలిచాడు. విజయనగర రాజు ఏటా హొర్ముజ్ గుర్రాలు 13 వేలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు.

ఏటా అన్ని ఎందుకు? యుద్ధాల్లో పోయేవి పోగా మిగతావి ఏమయ్యేవి? 13వ శతాబ్దం చివర దక్షిణాది రేవులు చూసిన మార్కో పోలో, పాండ్య దేశంలో గుర్రాలకు వండిన అన్నమూ మాంసమూ పెడతారని, సాకడం తెలియక గుర్రాలు పోతుంటాయని, అందుకే అరబ్బు వర్తకులకు ఏడాదికేడాది బేరమేనని రాశాడు. 1470 ప్రాంతంలో ఒక గుర్రాన్ని అమ్ముకుందామని బీదరు దాకా వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ కూడా, ఇక్కడ గుర్రాలకు శనగల్లాంటి గింజలు, చక్కెరా నూనే వేసి ఉడికించిన కిచిడీ పెడతారని రాసుకున్నాడు. ఆ గుర్రాలన్నీ ల్యామినైటిస్‌తోనే చచ్చాయని నేననను. ఎండ ఉంది, ఉక్కపోత ఉంది, అలవాటు లేని నీళ్లు ఉన్నాయి. కాకపోతే గుర్రానికి అన్నమూ చక్కెరా అనే మాట వింటే ఇప్పటి వైద్యుడు ముందు దాని కాళ్ల వంకే చూస్తాడు.

తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్లు వచ్చి క్యాంపులు వేశాక, ఈ జొన్న నేల వరి నేల అయింది. సింధనూరు చుట్టూ రైసుమిల్లులే. నూకలకు, తవుడుకు, చిట్టుకు కరువు లేదు. బీడు గడ్డి, ముళ్లపొదల ఆకు, జొన్న చొప్ప తిని గట్టిపడ్డ కాపరి గుర్రం ఈ నేలలోకి దిగుతుంది. మనవాళ్లది పెద్ద చెయ్యి. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టి, మనిషితో వచ్చిన గుర్రానికి మిగిలిన అన్నం, నూకల జావ, ఒక బెల్లం గడ్డ పెడతారు. చెడ్డ బుద్ధితో పెట్టరు, అదే చిక్కు. తక్కువ మేతతో ఒళ్లు నిలుపుకునే మొరటు జాతి గుర్రాలకూ పోనీలకూ ఈ జబ్బు ముప్పు మరీ ఎక్కువ. దొరికిన ప్రతి గింజనూ కొవ్వుగా దాచుకోవడం వాటి ఒంటి స్వభావం.

ఇక్కడే ఇన్సులిన్ వస్తుంది. మనుషుల్లో షుగరు జబ్బు అంటే చాలామందికి తెలిసింది ఇన్సులిన్ చాలకపోవడం, రక్తంలో చక్కెర పెరిగిపోవడం. గుర్రం లెక్క వేరు. పిండిపదార్థమో చక్కెరో తినగానే కొన్ని గుర్రాల క్లోమం అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది, అది గంటల తరబడి దిగదు. రక్తంలో చక్కెర మాత్రం చాలాసార్లు మామూలుగానే కనపడుతుంది. అందుకని మన ఇళ్లలో ఉండే షుగరు మిషన్‌తో గుర్రాన్ని పరీక్షించి బాగానే ఉందనుకుంటే మోసపోతాం. చూడాల్సింది ఇన్సులిన్‌ను.

ఆ ఇన్సులినే కాళ్లు పడగొడుతుందని తేలింది మొన్న మొన్ననే. 2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏ జబ్బూ లేని పోనీలను తీసుకుని, రక్తంలో చక్కెర పెరగకుండా, పడిపోకుండా కాపాడుతూ, ఇన్సులిన్ ఒక్కదాన్నే ఎక్కువ మోతాదులో ఎక్కించారు. 72 గంటలు తిరక్కుండానే ఇన్సులిన్ ఎక్కించిన ప్రతి పోనీకీ నాలుగు కాళ్లలోనూ ల్యామినైటిస్ వచ్చింది. అంతకుముందు దాకా ఇది ప్రధానంగా వాపు జబ్బు అనీ, రక్తప్రసరణ జబ్బు అనీ వాదించుకునేవాళ్లు. డెక్క పొరల్లోని కణాలు అతి ఇన్సులిన్‌కు సాగి, పొడవై, పట్టు వదిలేస్తాయని ఇప్పుడు అనుకుంటున్నారు. వాపు ఉంటుంది, నిజమే, కాని చాలావరకు అది వెనక వచ్చిపడేది. 2011లో ఫిన్లండ్ నుంచి వచ్చిన ఒక పరిశీలనలో, ల్యామినైటిస్‌తో ఆసుపత్రికి వచ్చిన గుర్రాల్లో దాదాపు 90 శాతానికి మూలం హార్మోన్ల తేడాయే. మిగతావాటిలో ఒకేసారి గింజ బస్తా మీద పడి తిన్నవి, మాయ పడక విషం ఎక్కినవి ఉంటాయి. వాటి దారి వేరు, వాటికి మొదటి గంటల్లోనే డాక్టరు కావాలి.

పెళ్లి గుర్రం సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఈ కథంతా ఒక్కచోటే కనపడుతుంది. ముహూర్తాలున్న నెలల్లో దానికి రాత్రిళ్లు నిద్ర ఉండదు. మూఢం వచ్చిందంటే, ఆషాఢం వచ్చిందంటే కొట్టంలో కట్టేసి ఉంటుంది. పని లేదు, మేత మాత్రం ఆగదు. నిగనిగలాడితే బేరం ఎక్కువ పలుకుతుంది కాబట్టి ఉడికించిన గింజలు, తవుడు, బెల్లం. నడక తగ్గిన ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, దాంతో క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది. మెడ పైన, జూలు కింద కొవ్వు గట్టిపడి లేస్తుంది. చూసేవాళ్లు రాజసం అంటారు. నాకైతే అది రాబోయే కుంటుకు ముందు వచ్చిన ఉత్తరం. ముహూర్తాలు మొదలయ్యే వేళకు గుర్రం ముందుకాళ్లు చాచి నిలబడుతుంది. అడ్వాన్సు తీసుకున్నారు, బ్యాండువాళ్లు వచ్చేశారు, వరుడు సిద్ధంగా ఉన్నాడు. మందుల షాపు నుంచి ఒక నొప్పి సూది వస్తుంది. అరగంటకో గంటకో గుర్రం నడుస్తుంది. అందరూ సూదిని మెచ్చుకుంటారు.

ఆ నడకే ప్రమాదం. నొప్పి గుర్రానికి నువ్వు కదలకు అని చెబుతోంది. నొప్పి తీసేసి, సడలిన పొరల మీద మనిషి బరువేసి, తారు రోడ్డు మీద రెండు గంటలు డ్యాన్సు చేయిస్తే, సగం ఊడిన పట్టు పూర్తిగా ఊడుతుంది. సూది ఆ రాత్రికి బేరం నిలబెడుతుంది. ఎముక జారిందో లేదో మర్నాడు ఎక్స్‌రేలో తెలుస్తుంది.

అలాగని నొప్పి మందులను తిట్టడం నా ఉద్దేశం కాదు. అంత నొప్పితో ఉన్న జీవానికి మందు ఇవ్వకపోవడం క్రూరత్వం. ఫెనైల్‌బ్యూటజోన్, ఫ్లూనిక్సిన్, మెలోక్సికామ్, ఇవి గుర్రపు వైద్యంలో రోజూ వాడేవే. ఫెనైల్‌బ్యూటజోన్ 1949లో మనుషుల కీళ్లనొప్పులకు వచ్చింది. ఎముకమజ్జను దెబ్బతీస్తోందని తేలాక మనుషుల్లో చాలా దేశాలు కట్టడి చేశాయి, గుర్రాల్లో మాత్రం నిలిచింది. 1968లో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన డాన్సర్స్ ఇమేజ్ అనే గుర్రం మూత్రంలో ఈ మందు దొరికితే గెలుపు రద్దు చేశారు. నొప్పి దాచి పరిగెత్తించడం పందెంలో తప్పయితే, పెళ్లిలో ఎలా ఒప్పవుతుందో నాకు అర్థం కాదు.

ఈ మందులకూ ఇన్సులిన్‌కూ సంబంధం ఉందా అంటే, ఉంది, అదీ పాతదే. 1876లోనే జర్మన్ వైద్యుడు ఎబ్‌స్టయిన్ షుగరు రోగులకు సాలిసిలేట్ ఇస్తే మూత్రంలో చక్కెర తగ్గిందని రాశాడు. సాలిసిలేట్ అంటే మన ఆస్పిరిన్ కుటుంబమే. గుర్రాల్లో ఈ ప్రశ్న ఈమధ్య మళ్లీ లేచింది. 2024లో ప్రచురించిన క్వీన్స్‌లాండ్ పరిశోధనలోనే, ఇన్సులిన్ అదుపు తప్పిన గుర్రాలకు ఫెనైల్‌బ్యూటజోన్ ఇచ్చి, చక్కెర తాగించి చూస్తే ఇన్సులిన్ కొంత తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో తేడా రాలేదు. ఇది విని, అయితే సూదే ఇన్సులిన్‌కు కూడా మందన్నమాట అనుకునేవాళ్లు ఉంటారు. నేను దాన్ని ఇంకో వైపు నుంచి చదువుతాను. కుంటుతున్న గుర్రానికి మందు పడుతుండగా రక్తం తీసి పరీక్షిస్తే, ఉన్న జబ్బు తక్కువగా కనపడే వీలుంది. కాబట్టి రక్తం తీసేటప్పుడు ఏ మందు ఎప్పుడు పడిందో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. పక్క ఊరి కాంపౌండరు వేసిన సూది అయినా సరే. తీవ్రమైన నొప్పి, బెదురు కూడా ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ను పెంచి ఇన్సులిన్ పనికి అడ్డం వస్తాయి. అంటే నొప్పి తగ్గించడం వల్ల ఇన్సులిన్‌కు కొంత మేలు ఉండొచ్చు. మేత సంచి మాత్రం అలాగే ఉంటే ఏ మేలూ నిలవదు.

ఒక్క మందు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. డెక్సా. మన పల్లెల్లో జ్వరానికి, వాపుకు, నీరసానికి, పాలు తగ్గితే, దేనికైనా డెక్సా సూదే. అది స్టెరాయిడ్. నొప్పి మందుల కోవలోది కాదు. గుర్రంలో ఇన్సులిన్‌ను పెంచుతుంది, ముప్పు ఉన్న గుర్రానికి ల్యామినైటిస్‌ను తెచ్చిపెట్టగలదు. మెడ మీద కొవ్వున్న, కాలు కుంటుతున్న గుర్రానికి ఆ సూది వెయ్యడానికి ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుని ఆపండి.

మిగతా మందుల్లోనూ మెలకువలున్నాయి. ఫెనైల్‌బ్యూటజోన్ సూది నరంలోకే వెళ్లాలి, పక్కకు కారితే అక్కడి కండ, చర్మం కుళ్లి ఊడతాయి. ఫ్లూనిక్సిన్‌ను కండలో పొడిస్తే ఒక్కోసారి ప్రాణం తీసే గాలికుళ్లు వస్తుంది. ఒకటి పనిచెయ్యలేదని అదే రోజు రెండోది కలిపితే కడుపులో పుండ్లు, పెద్దపేగులో పూత. మన రాయచూరు ఎండల్లో నీళ్లు చాలని గుర్రానికైతే మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. మోతాదు నేను రేడియోలో చెప్పను. గుర్రాన్ని చూసిన డాక్టరే చెప్పాలి.

మరి డాక్టరు వచ్చేలోపు మనం ఏం చెయ్యాలి? గింజ, తవుడు, బెల్లం, అన్నం, పచ్చిమేత వెంటనే ఆపండి. ఎండుగడ్డిని గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. గడ్డిలోని చక్కెర కొంత నీళ్లలో పోతుంది. పూర్తిగా పస్తు పెట్టకండి, కొవ్వెక్కిన పోనీకి పస్తు మరో ప్రమాదం. జొన్న చొప్ప కాండం నమిలి చూడండి, తియ్యగా ఉంటే అది ఈ రోగికి పనికిరాదు. గుర్రాన్ని నడిపించకండి, అలవాటుగా కాలువ దాకా తోలుకెళ్లకండి. ఉన్నచోటే మెత్తటి పడక వెయ్యాలి, మన ఊళ్లో దానికి కొదవేముంది, ఏ మిల్లు వెనక చూసినా ఊక కుప్పలే. జానెడు మందాన పోస్తే డెక్క అందులోకి దిగి, అరికాలు కూడా కొంత బరువు మోస్తుంది. ఐసు దొరికితే డెక్క నుంచి చీలమండ పైదాకా ఐసు నీళ్లలో ఉంచండి. కాసేపు ఉంచి తీసేస్తే చాలదు, మొదటి రెండు మూడు రోజులు వదలకుండా ఉంచాలి. చల్లదనం పొరలను కాపాడుతుందని ఇన్సులిన్ ఎక్కించి చేసిన ప్రయోగాల్లో కూడా తేలింది. కష్టమైన పనే. మంద తోలుకుంటూ పొలం పొలం తిరిగే కాపరికి ఐసు ఎక్కడిదని అడగొచ్చు. అతనికి గడ్డి మార్చడం, బరువు దించడం, ఊక పడక, ఈ మూడూ దక్కినా చాలా మేలు.

తర్వాత డెక్కలు చెక్కించడం, ముందు మొన తగ్గించడం నాలుగైదు వారాలకోసారి జరగాలి. కుంటు తగ్గాక మెల్లగా నడక పెంచాలి, ఒళ్లు తగ్గాలి. మనుషుల షుగరుకు వాడే మాత్రల్లో కొన్నింటిని ఇప్పుడు పరాయి దేశాల్లో గుర్రాల ఇన్సులిన్ దించడానికి వాడుతున్నారు. పేర్లు గ్లిఫ్లోజిన్ అని ముగుస్తాయి. ఇంట్లో తాతయ్య డబ్బాలో అలాంటివి ఉన్నాయని తీసి గుర్రానికి వెయ్యకండి. రక్తంలో కొవ్వు విపరీతంగా పెరగొచ్చు, పరీక్షలు చేస్తూ వాడాల్సిన మందులవి. తవుడు గురించి ఇంకో మాట. ల్యామినైటిస్ లేని గుర్రానికైనా రోజూ తవుడే ముఖ్యమైన మేత చేస్తే, అందులో భాస్వరం ఎక్కువై కాల్షియం చాలక ముఖం ఎముకలు ఉబ్బుతాయి. పాశ్చాత్య దేశాల్లో పిండిమిల్లు గుర్రాలకు వచ్చిన జబ్బది. మిల్లుల ఊళ్లో ఉన్నాం, గుర్తుంచుకోవాలి.

ఒకవేళ గుర్రం దక్కకపోతే కళేబరాన్ని కాలువ గట్టు మీద పారెయ్యకండి, లోతుగా పాతిపెట్టండి. కొన్ని నొప్పి మందులు పడిన కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చస్తాయి. డైక్లోఫెనాక్ వల్ల ఇది జరుగుతోందని 2004లో బయటపడితే, 2006లో మన దేశం పశువుల కోసం దాన్ని తయారు చెయ్యడం ఆపించింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్, ఆ తర్వాత నిమెసులైడ్ కూడా పశువులకు నిషేధించారు. కర్ణాటకలో రామనగర కొండల్లో మిగిలిన రాబందులు లెక్కపెట్టుకునేన్ని. రాబందుకు హాని చెయ్యదని రుజువైన మెలోక్సికామ్ చవగ్గానే దొరుకుతుంది. మీ డాక్టరును ఆ మాట అడగడం తప్పేం కాదు.

గుర్రం కాలు చాచి నిలబడగానే 1962కు ఫోను చెయ్యండి. పశువుల అంబులెన్సు నంబరది, మన కర్ణాటకలోనూ, అటు ఆంధ్ర, తెలంగాణల్లోనూ అదే. ఫోనులో కుంటుతోంది అని ఊరుకోకండి. నిన్నా మొన్నా ఏం తిన్నదీ, ఎన్ని రోజుల నుంచి పని లేకుండా ఉన్నదీ, మెడ మీద కొవ్వు ఉందో లేదో, ఏ సూది ఎన్ని గంటలకు పడిందో చెప్పండి. సూది సీసా పారేయకుండా ఉంచి డాక్టరుకు చూపించండి.